ఆపరేషన్ బల్ల మీద తొలి పాఠం

దేవరకొండ దగ్గరి తండాలోనైనా, మక్తల్ పక్క పల్లెలోనైనా, పిల్లలు పుట్టకుండా ఏం చేస్తారని ఆడవాళ్లను అడిగితే ఠక్కున వచ్చే మాట ‘ఆపరేషన్’. మాత్రల పేరు, లూపు పేరు, నిరోధ్ పేరు చాలామంది వినే ఉంటారు. వాడి చూసినవారు మాత్రం అరుదు. పదిహేడుకో పద్దెనిమిదికో లగ్గం, ఏడాది తిరిగేసరికి మొదటి కాన్పు, మరో రెండేళ్లకు రెండోది, ఆ వెంటనే ఆపరేషన్. ఈ వరుసలో పడిన ఆడపిల్లకు పాతికేళ్లు నిండకముందే కనడమూ ఆపడమూ రెండూ అయిపోతాయి. తన ఒంట్లో గర్భం ఎట్లా నిలుస్తుంది, వద్దనుకుంటే ఏం చేయొచ్చు అన్న తొలి పాఠం ఆమెకు ఆపరేషన్ బల్ల ఎక్కే రోజున అందుతుంది. అప్పటికి ఆ పాఠంతో ఆమెకు పని తీరిపోయి ఉంటుంది.

నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతాల్లో ఎదిగే పిల్లల లైంగిక జీవితం గురించి మాట్లాడాలంటే ఈ ఆలస్యం దగ్గరే మొదలుపెట్టాలి. కౌమారుల లైంగికత అనగానే సెల్‌ఫోన్లు, సినిమాలు, చెడు సావాసాలు అంటూ పెద్దలు నిట్టూరుస్తారు. కానీ ఈ ప్రాంతంలో ఆడపిల్ల తొలి లైంగిక అనుభవం ఎక్కువగా పెళ్లి పందిరి కిందే, పెద్దలు పెట్టిన ముహూర్తంలోనే జరుగుతోంది. దాన్ని మనం ‘కౌమార లైంగికత’ అని పిలవం, కాపురం అంటాం. పేరు మార్చినంత మాత్రాన పిల్ల వయసు మారదు, ఆమె తెలియనితనమూ తీరదు.

మంచి అంకెల చాటున

జనాభా లెక్కల్లో చూస్తే తెలంగాణ గెలిచిన రాష్ట్రం. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు ఇద్దరికన్నా తక్కువే. 15–19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లయినవారు, గర్భంతో ఉన్నవారు కలిపి 5.8 శాతం. అంతకు ముందు సర్వేలో అది పది శాతం దాటి ఉండేది. ఇది నిజమైన మెరుగుదలే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

అదే సర్వేలోని మరో రెండు అంకెలను దీని పక్కన ఉంచి చూడాలి. 20–24 ఏళ్ల యువతుల్లో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశ సగటూ దాదాపు ఇంతే. మన అంకె హైదరాబాద్ నగర కుటుంబాలను కూడా కలుపుకొని వేసిన రాష్ట్ర సగటు. ఇక పెళ్లయిన స్త్రీలలో నూటికి 60 మందికి పైగా ట్యూబెక్టమీ చేయించుకున్నారు. దేశం మొత్తంలో ఆ వాటా 38 శాతం. మాత్ర, కండోం, లూపు వంటి తాత్కాలిక పద్ధతుల వాటా ఇక్కడ నామమాత్రం. అంటే మనం సాధించిన తక్కువ సంతానం రేటు, ఎడం పాటించి, ఆలోచించి, ఎంచుకొని కన్నందువల్ల వచ్చినది కాదు. త్వరగా పెళ్లి చేసి, త్వరగా కనేలా చేసి, త్వరగా కోత పెట్టినందువల్ల వచ్చింది. ఆపరేషన్ మంచి పద్ధతే. అది మాత్రమే తెలియడం మాత్రం మంచిది కాదు.

ఈ గెలుపే మనకు కొంత నష్టం తెచ్చింది. సంతానం రేటు ఎక్కువున్న ఏడు రాష్ట్రాల్లోని 146 జిల్లాల కోసం కేంద్రం 2016లో ‘మిషన్ పరివార్ వికాస్’ మొదలుపెట్టింది. అందులో కొత్తగా పెళ్లయిన జంటలకు తాత్కాలిక పద్ధతుల సామగ్రితో కిట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. మన రాష్ట్రం ఆ జాబితాలోకి రాదు. పిల్లల సంఖ్యను కొలిచే కొలబద్దకు తల్లి వయసు కనిపించదు. ఇద్దరితో ఆగిందా లేదా అన్నదే చూస్తుంది. ఎంత వయసుకు మొదలైంది, ఎవరు నిర్ణయించారు, ఆమెకు ఏం తెలుసు అన్నది దాని లెక్కలోకి రాదు.

పెళ్లి ఎందుకు ముందుకు జరుగుతుంది

తల్లిదండ్రులను నిందించే ముందు వారి భయాన్ని అర్థం చేసుకోవాలి. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో అక్షరాస్యతలో అట్టడుగున ఉన్నది పాలమూరే, అంటే మహబూబ్‌నగర్. మొత్తం 55 శాతం, ఆడవాళ్లలో 45 లోపే. దేశంలో ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీ ఇప్పటికీ ముంబై, పుణె, హైదరాబాద్ నిర్మాణాల దగ్గర గుడిసె వేసుకుంటున్నాడు. కోస్గి, మద్దూరు, దామరగిద్ద వైపు నుంచి గుంపు మేస్త్రీ వెంట భార్యాభర్తలు బయల్దేరితే పదమూడేళ్ల కూతుర్ని ఎక్కడ ఉంచాలి? వెంట తీసుకెళ్తే తలుపు లేని గుడిసె. ఊళ్లో ముసలి అవ్వ దగ్గర వదిలితే గుండెల్లో రాయి. గద్వాల, గట్టు ప్రాంతాల్లో విత్తన పత్తి చేలల్లో పూలను చేత్తో కలిపే క్రాసింగ్ పనికి ఏళ్ల తరబడి ఆడపిల్లల చేతులనే వాడుకున్నారు. బడి మానిన పిల్ల పనిలో చేరుతుంది. పనిలో చేరిన పిల్ల పెళ్లీడుకొచ్చినట్టు కనిపిస్తుంది. పదో తరగతి తర్వాత కాలేజీ మండల కేంద్రంలో ఉండి, సాయంత్రం బస్సు లేకపోతే చదువు అక్కడితో సరి.

దీనికి కులం భయం తోడవుతుంది. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో, గర్భంతో ఉన్న భార్య కళ్లెదుటే ఒక దళిత యువకుణ్ని ఆసుపత్రి బయట నరికి చంపారు. బడి రోజుల్లో మొదలైన వారి ప్రేమ ఆమె కుటుంబానికి పరువు సమస్య అయింది. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఆ కేసులో ఒకరికి మరణశిక్ష, మిగిలినవారికి జీవిత ఖైదు వేసింది. ఆ హత్య వెనుక ఉన్న ఆలోచన అందరి చేతా కత్తి పట్టించదు. ఎందరి చేతో తొందరపడి పిల్లకు తాళి కట్టిస్తుంది. పిల్ల ఎవరితోనైనా మాట్లాడుతోందని చెవిన పడగానే సంబంధాలు వెతకడం మన ఊళ్లకు కొత్త కాదు. లైంగికత పట్ల భయానికి మనం కనిపెట్టిన ఒకే ఒక మందు పెళ్లి.

దీని ఫలితం అబ్బాయిల మీద, అమ్మాయిల మీద ఒకేలా పడదు. 2002 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో 3,000 మంది పిల్లల ఎదుగుదలను వెంబడిస్తున్న ‘యంగ్ లైవ్స్’ అధ్యయనంలో మహబూబ్‌నగర్ ఒక జిల్లా. ఆ పిల్లల్లో పెద్ద బృందానికి 2013లో 19 ఏళ్లు వచ్చేనాటికి అమ్మాయిల్లో దాదాపు 37 శాతం మందికి పెళ్లయిపోయింది. అబ్బాయిల్లో పెళ్లయినవారు 2 శాతం. ఒకే ఊళ్లో, ఒకే ఏడాది పుట్టిన పిల్లల సంగతి ఇది.

ఎవరికెంత తెలుసు

ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఊరంతా పిలిచి వేడుక చేస్తాం. ఫ్లెక్సీ కడతాం, చీర పెడతాం, విందు పెడతాం. ఆ పిల్ల ఒంట్లో జరిగిన మార్పు ఏమిటో ఆ పిల్లకు మాత్రం చెప్పం. ఇది అంటుకోకు, అక్కడ కూర్చోకు, మగపిల్లలతో మాట్లాడకు అన్న ఆంక్షలు తప్ప వివరం ఉండదు. మగపిల్లవాడికైతే అసలు చెప్పేవారే లేరు. స్నేహితుల గుసగుసలు, ఇప్పుడు చేతిలోని ఫోన్‌లో దొరికే అశ్లీల దృశ్యాలు వాడి గురువులు. ఆ గురువులు నేర్పేది బలవంతాన్ని మగతనం అనుకోవడం.

అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ, పాపులేషన్ కౌన్సిల్ కలిసి 2006–07లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 50,848 మంది యువతీయువకులతో మాట్లాడాయి. తొలి కలయికతోనే గర్భం రావచ్చని తెలిసినవారు యువకుల్లో 37 శాతం, యువతుల్లో 45 శాతం. పెళ్లికి ముందు లైంగిక అనుభవం ఉందని యువకుల్లో 15 శాతం, యువతుల్లో 4 శాతం మంది చెప్పారు. వారిలో ప్రతిసారీ కండోం వాడినవారు బహు కొద్దిమంది. లైంగిక విద్య ఏదో రూపంలో అందినవారు 15 శాతమే. అది కావాలని కోరినవారు మాత్రం ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు. ఆ సర్వే జరిగి చాలా ఏళ్లయింది. నాటి పిల్లలే నేడు తల్లిదండ్రులు. తమకెవరూ చెప్పనిదాన్ని పిల్లలకెట్లా చెప్పాలో వాళ్లకు తెలియదు.

తెలియాల్సింది కొండంత ఏమీ కాదు. తొలిసారికే నెల తప్పవచ్చు. రోజులు లెక్కపెట్టుకోవడం, అందులోనూ నెలసరి ఇంకా కుదురుకోని వయసులో, నమ్మదగ్గ రక్షణ కాదు. గర్భాన్నీ సుఖవ్యాధులనూ రెండింటినీ అడ్డుకునే సాధనం కండోం ఒక్కటే. అత్యవసర మాత్రను 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. 2005 నుంచి అది చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతోంది. అయితే అది రోజూ వాడేది కాదు, అప్పటికే నిలిచిన గర్భాన్ని తీసేసేదీ కాదు. మూడు నెలలకొక సూది ‘అంతర’, వారపు మాత్ర ‘ఛాయ’ 2017 నుంచి సర్కారు దవాఖానల్లో ఉచితం. వయసు తక్కువన్న ఒక్క కారణంతో ఏ పద్ధతినీ నిరాకరించనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక గంట పాఠంలో ఒదిగే ఈ సంగతులు తెలియక ఎందరి జీవితాలు దారి తప్పాయో ఊరి ఆశా కార్యకర్తకు తెలుసు.

తెలియకపోవడానికి మూల్యం ఒంటితో చెల్లించాల్సి వస్తుంది. రాష్ట్రంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 60 మందికి పైగా రక్తహీనత ఉంది. తన ఎదుగుదలే పూర్తికాని ఒంటిలో మరో ప్రాణం పెరిగితే తల్లికీ ముప్పే, బిడ్డకూ ముప్పే. పెళ్లి కాని పిల్ల నెల తప్పితే కుటుంబం సర్కారు దవాఖానకు వెళ్లదు. మందుల షాపులో గుట్టుగా గర్భస్రావం మాత్రలు కొంటుంది, లేదా ఊరి ఆర్ఎంపీ వైద్యుడి తలుపు తడుతుంది. వైద్యుల పర్యవేక్షణలో సురక్షితమైన ఆ మాత్రలే, ఎన్ని వారాలో తెలియకుండా మింగితే రక్తస్రావంతో ప్రాణం మీదికి తెస్తాయి.

బడి దాటవేసిన పాఠం

మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతిలో కౌమార దశ, పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠాలు ఉన్నాయి. పుస్తకంలో అవి ఉండి కూడా ఎన్నో తరగతి గదుల్లో ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అన్న ఒక్క మాటతో పేజీలు తిరిగిపోతాయి. తప్పు ఉపాధ్యాయుడిది మాత్రమే అనలేం. ఆయనకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, రేపు ఎవరైనా నిలదీస్తే వెనక నిలబడేవారూ లేరు.

ఆ భయానికి ఒక చరిత్ర ఉంది. ఎయిడ్స్ భయం ముదిరిన రోజుల్లో, 2005లో, కేంద్రం కౌమార విద్యా కార్యక్రమం తెచ్చింది. 2007 నాటికి మహారాష్ట్ర, కర్ణాటక సహా పలు రాష్ట్రాలు దాన్ని అడ్డుకున్నాయి. 2009లో ఎం.వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య వద్దని, దానికి బదులు సంస్కృతి, విలువలు నేర్పాలని సిఫారసు చేసింది. విలువలు నేర్పాలన్నదానితో ఎవరికీ పేచీ లేదు. ఎదుటివారి ఒప్పుదల లేకుండా ముట్టుకోకూడదన్నదీ, తన వల్ల మరొకరి జీవితం చెడకూడదన్నదీ విలువలే. శరీరం గురించి మాట్లాడకుండా వాటిని నేర్పడం ఎట్లా?

తెలుగు పాఠకులకు ఈ విషయం కొత్త కూడా కాదు. డాక్టర్ జి.సమరం దశాబ్దాల పాటు వారపత్రికల్లో పాఠకుల సందేహాలకు నిస్సంకోచంగా జవాబులు రాశారు. 2000 దశకం ఆరంభంలో గోడల మీద ఎయిడ్స్ ప్రచారపు ‘పులిరాజా’ కనిపించినప్పుడు ఊరూరా కండోం గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటలకు సంసారాలేమీ కూలిపోలేదు. పత్రిక చదవగలిగినవారికి, గోడ ముందు నిలబడే మగవారికి అందిన ఆ సమాచారం గట్టు మండలంలోని పద్నాలుగేళ్ల పిల్లకు అందలేదు. అదే మిగిలిపోయిన పని.

చెబితే చెడిపోతారన్న సందేహానికి జవాబు ఉంది. 2018లో యునెస్కో సవరించి వెలువరించిన మార్గదర్శకాలు ఎన్నో దేశాల అధ్యయనాలను పరిశీలించి, లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడరని తేల్చాయి. స్వీడన్ 1955లోనే దీన్ని తప్పనిసరి చేసింది. 2020లో మన కేంద్ర ప్రభుత్వమే ఆయుష్మాన్ భారత్ కింద ప్రారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో 11 అంశాలు పెట్టింది. అందులో పునరుత్పత్తి ఆరోగ్యం ఒకటి. అనుమతి కాగితం మీద ఉంది. కావాల్సింది ధైర్యం.

చట్టం నీడలో

2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారితో లైంగిక చర్యను, వారి ఇష్టంతో నిమిత్తం లేకుండా, నేరం చేసింది. తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. 2017లో సుప్రీంకోర్టు, పద్దెనిమిది నిండని భార్యతో కాపురమూ అత్యాచారమేనని తీర్పిచ్చింది. ఈ చట్టం అవసరం ఎంతో ఉంది. ఎదిగే పిల్లల లైంగిక అనుభవాలన్నీ ఇష్టంతో జరిగేవి కావు. బంధువుల చేతిలో, పని చూపేవాళ్ల చేతిలో, ప్రేమ పేరుతో నమ్మించిన పెద్దవాళ్ల చేతిలో నలిగే పిల్లలున్నారు. ఊట్కూరు, మక్తల్ వైపు జోగిని పేరిట ఆడపిల్లలను ఊరుమ్మడి చేసిన ఆచారాన్ని 1988 చట్టం నిషేధించినా, దాని గాయాలు ఇంకా ఆరలేదు. తన ఒంటికి జరిగినదానికి పేరే తెలియని పిల్ల ఫిర్యాదు ఎట్లా చేస్తుంది? రక్షణ కూడా జ్ఞానంతోనే మొదలవుతుంది.

అయితే ఈడూజోడూ పిల్లల ప్రేమా ఇదే చట్టం కిందికి వస్తోంది. ఎన్‌ఫోల్డ్ సంస్థ అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్‌లలో 7,064 పోక్సో తీర్పులను పరిశీలిస్తే ప్రతి నాలుగింటిలో దాదాపు ఒకటి ప్రేమ వ్యవహారమే. లైంగిక సమ్మతి వయసును తగ్గించవద్దని 2023లో లా కమిషన్ చెప్పింది. ఆ చర్చ పార్లమెంటు తేల్చాల్సింది. ఈలోగా పల్లెలో జరుగుతున్నది ఇది: కేసు అవుతుందన్న భయంతో పదిహేడేళ్ల గర్భిణిని దవాఖానకు తీసుకురారు. వివరం అడిగితే చిక్కు తప్పదని ఊరి నర్సు ఏఎన్ఎం ఏమీ అడగదు. దీనికి 2022 సెప్టెంబరు 29 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. గర్భస్రావం కోసం వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో వైద్యులు ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదు. ఈ మాట ఎన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గోడల మీద ఉంది? పాఠం చెప్పడం, జాగ్రత్తలు వివరించడం ఏ చట్టం కిందా నేరం కాదన్న సంగతి ఎందరు ఉపాధ్యాయులకు, నర్సులకు తెలుసు?

రిజిస్టర్‌లో లేని పిల్లలు

మన కుటుంబ నియంత్రణ యంత్రాంగం ‘అర్హులైన దంపతుల’ రిజిస్టర్ మీద నడుస్తుంది. అర్హత అంటే పెళ్లి. పెళ్లి కాని పిల్లకు ఆ పుస్తకంలో చోటు లేదు. పద్దెనిమిది నిండకుండా పెళ్లయిన పిల్ల పేరు రాయాలంటే చట్టం భయం. పెళ్లయి పద్దెనిమిది దాటినా ఒక బిడ్డ పుట్టేవరకు ఆమెతో గర్భనిరోధం మాటెత్తడం అశుభం అనుకుంటారు. ఇట్లా ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లే జాబితా బయట మిగిలారు. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10–19 ఏళ్ల వారి కోసమే కౌమార ఆరోగ్య క్లినిక్‌లను ఉద్దేశించింది. బడి వేళలో, పెద్దాసుపత్రి రద్దీ నడుమ, తెలిసినవారి కళ్ల ముందు నడిచే క్లినిక్‌లోకి ఏ పిల్ల అడుగుపెడుతుంది?

చేయాల్సిన పనులకు కొత్త ఖజానా అక్కర్లేదు. ఎనిమిది, పదో తరగతి పాఠాలను ఏఎన్ఎం, సైన్స్ ఉపాధ్యాయుడు కలిసి చెప్పాలి. పరీక్షలో ఆ పాఠం నుంచి ప్రశ్న తప్పనిసరి చేస్తే ఎవరూ పేజీ తిప్పేయరు. కస్తూర్బా బాలికా విద్యాలయాలు, గురుకులాల్లో ఆడపిల్లలు ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద ఉంటారు. తల్లిదండ్రులు వలసపోయిన పిల్లకు అవే ఇల్లు. అక్కడ నెలకొక సంభాషణ జరగాలి. మగపిల్లల హాస్టళ్లను వదిలేయకూడదు. క్లినిక్‌లు సాయంత్రం వేళ, వేరే గదిలో, ‘పెళ్లయిందా’ అన్న ప్రశ్న లేకుండా నడవాలి. ఇంటర్ వరకు బస్సు, హాస్టల్ సమకూరిస్తే అవి గర్భనిరోధ సాధనాలంత బాగా పనిచేస్తాయి. చదువుకునే పిల్లకు లగ్గం వెనక్కి జరుగుతుంది.

మన రాష్ట్రం చేతిలో మరో అవకాశం ఉంది. 2014 అక్టోబరు 2న మొదలైన, పేదింటి ఆడపిల్ల పెళ్లికి చెక్కు రూపంలో సాయమిచ్చే కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలు వధువుకు పద్దెనిమిది నిండాలన్న షరతు పెట్టాయి. ప్రతి దరఖాస్తూ తహసీల్దార్ కార్యాలయానికి వస్తుంది, విచారణకు మనిషి ఇంటికి వెళ్తాడు. పేద ఇంటి కొత్త జంట వివరాలు ప్రభుత్వం చేతికి తానుగా అందే ఘడియ అది. ఆ విచారణతో పాటే ఆశా కార్యకర్త కూడా గడప తొక్కి, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, తొలి కాన్పును రెండేళ్లు ఎట్లా వాయిదా వేయొచ్చో చెప్పి, మాత్రలూ నిరోధ్ చేతికిచ్చి రావచ్చు. చెక్కుతో పాటు ఆ మాట కూడా అందితే ఎన్నో కాన్పులు తల్లి ఒళ్లు కుదుటపడ్డాకే జరుగుతాయి.

పిల్లలకు ఈ సంగతులు తెలుస్తాయా లేదా అన్నది మన చేతిలో లేదు, ఎట్లాగూ తెలుస్తాయి. ఎవరు చెబుతారు, ఎప్పుడు చెబుతారు అన్నదే మన చేతిలో ఉంది. ఇన్నేళ్లూ నల్లగొండ, పాలమూరు ఆడపిల్లకు ఆ పాఠాన్ని ఆపరేషన్ బల్ల మీద, మత్తు సూది వేసే ముందు చెప్పాం. బడి బల్ల మీద కూర్చున్న రోజునే చెప్పి ఉంటే, ఆమె ఆపరేషనే ఎంచుకొని ఉండేదేమో. అప్పుడది ఆమె తెలిసి ఎంచుకున్నది అయ్యేది.